నాన్నగారి నావ, పది టైర్ల లారీ

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. నాకు 59 ఏళ్లు. ఇరవై రెండేళ్లుగా లారీ ఫీల్డ్‌లో ఉన్నాను. ఇప్పుడు మిగిలింది ఒకటే బండి, పది టైర్లది. కొబ్బరికాయ లోడుతో ఉత్తరాదికి వెళ్లడం, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది వేసుకురావడం. డ్రైవర్లు దొరకడం లేదు, నాకా నడుం నొప్పి. లారీ అమ్మేసి టాటా ఏస్ లాంటి చిన్న బండి కొనుక్కుని, మా కాయ, చుట్టుపక్కల వాళ్ల కాయ అంబాజీపేట మార్కెట్‌కు తోలుకుందామని ఉంది. ఏటి అవతల లంకలో మాకు ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది. మా నాన్నగారు అక్కణ్ణుంచి 28 అడుగుల చెక్క నావలో కాయ తెచ్చేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచీ నావ గట్టు మీద చింతచెట్టు కిందే ఉంది. పలకల మధ్య వేలు దూరేంత సందులు వచ్చాయి. లారీ డబ్బులో కొంత పెట్టి దాన్ని మళ్లీ నీళ్లలోకి దింపాలని నా కోరిక. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, మొత్తం ఫైబర్ కోటింగ్ వేయించేద్దాం అంటాడు. బావమరిది ఇంజిన్ పెట్టి టూరిస్టులను తిప్పమంటాడు. మా ఆవిడ రెండూ అమ్మేసి ఇంటిపట్టున ఉండమంటుంది. ఏది ముందు చేయాలి? లారీ చేతిలో ఉండగానే నావను దాని మీద వేసుకుని తాళ్లరేవు వైపు పడవలు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లిపోమంటారా?
— ఓ పాఠకుడు, కోనసీమ

సమాధానం: అయ్యా, మీ ఆవిడ మాటను మీరు చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను దానితోనే మొదలుపెడతాను. ఆవిడ భయం నావ మీద కాదనుకుంటాను. లారీ అమ్మిన డబ్బు చేతికి రాగానే ఇంట్లో మగవాళ్లకు ఏమవుతుందో ఇరవై రెండేళ్లుగా లారీ యజమాని ఇల్లు నడిపిన మనిషికి బాగా తెలుసు. అందుకని ఒక మాట ఇప్పుడే అనేసుకోండి. లారీ మీద ఫైనాన్స్ ఉంటే అది తీర్చి, చిన్న బండి ఖరీదు తీసేయగా మిగిలింది ఆవిడ పేరు మీద బ్యాంకులో వేయండి. నావ ఖర్చు ప్రతి రూపాయీ ఆవిడను అడిగి తీసుకోండి. నావ పని ఎక్కడ ఆగాలో ఆవిడకే ముందు తెలుస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న, ఏది ముందు అని. లారీ అమ్మకం ముందు కాదు, నావ రిపేరూ ముందు కాదు. ముందు నావను చూడటం. దానికి పైసా ఖర్చు లేదు, రెండు పొద్దుటి పూటలు చాలు. ఒక చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ ఒకటి, సుద్దముక్క తీసుకుని మీరే వెళ్లండి.

మా మేనమామ పడవల వడ్రంగి. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళితే నాకు ఆయన ఇచ్చిన పని ఒకటే, పలక మీద సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పోవడం, చెవితో వినడం. మంచి చెక్క ఖంగుమంటుంది. లోపల పుచ్చిపోయినది దిండు మీద కొట్టినట్టు దబ్బుమంటుంది. దబ్బుమన్న చోటల్లా స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. గట్టిగా నెట్టినా మొన చెక్కలో గోరంత కూడా దిగకపోతే ఫరవాలేదు. బెల్లం ముద్దలో దిగినట్టు దిగితే అక్కడ సుద్దతో గీత. మూడో రోజుకు నావంతా ముగ్గేసినట్టు ఉండేది. ఆ గీతలు చూసి ఆయన కలప లెక్క వేసేవాడు.

మీ నావలో ఎక్కడ కొట్టాలో చెబుతాను. పలకల నడి భాగం మీద టైమ్ వేస్ట్ చేయకండి, అది సాధారణంగా బాగానే ఉంటుంది. ముక్కు దగ్గర పలకల చివర్లు నిలువు కర్రలో కలిసే చోటు, వెనక అలాగే కలిసే చోటు, అడుగున నిలువునా పోయే దూలానికి అటూ ఇటూ ఉన్న మొదటి పలక, లోపల వంపు కర్రల అడుగు భాగం, ఇవీ పుచ్చేవి. వాన నీరు జారి వచ్చి నిలబడిపోయే చోట్లు కదా మరి. తొమ్మిదేళ్లు చింతచెట్టు కింద ఉందంటున్నారు. ఆకు రాలి, లోపల పేరుకుని, వాన పడినప్పుడల్లా తడి బట్ట కప్పినట్టు ఉండి ఉంటుంది. చెక్కను పాడు చేసేది నది కాదండీ, పైనుంచి పడే వాన నీరు. నావను రోజూ వాడినంత కాలం మీ నాన్నగారు నీళ్లు తోడి పారబోసేవారు కాబట్టి అది బతికింది.

ఆ అడుగు దూలానికి మీ వైపు ఏ పేరుందో గానీ నేను వెన్నుకర్ర అంటాను. మీ నిర్ణయమంతా దాని మీద ఆధారపడి ఉంది. వెన్నుకర్ర గట్టిగా ఉండి, వంపు కర్రలు మూడింట రెండు వంతులు బాగుంటే ఆ నావ లేస్తుంది. పలకలు ఎన్ని పోయినా ఫరవాలేదు, పలకలు మార్చుకునేవే. వెన్నుకర్రే బెల్లంలా ఉంటే మాత్రం నా మాట వినండి, రిపేరు జోలికి పోవద్దు. వెన్నుకర్ర మార్చడమంటే పాత నావ చుట్టూ కొత్త నావ కట్టడమే. ఆ ఖర్చుతో కొత్తదే కట్టించుకోవచ్చు. బాగున్న పలకలతో అరుగు మీదికి రెండు బల్లలు చేయించుకోండి, మీ నాన్నగారు వాటి మీద ఉన్నట్టే ఉంటుంది.

ఇంకొకటి చూడండి. గట్టు మీద నావ కింద ఎన్ని దుంగలున్నాయి? ముందొకటి వెనకొకటి పెట్టి వదిలేస్తే తొమ్మిదేళ్లలో నడుం కిందికి జారి ఉంటుంది. మధ్యలో ఒకటే ఉంటే రెండు చివర్లూ వాలిపోయి ఉంటాయి. ఒక నూలు దారం ముక్కు నుంచి వెనక దాకా వెన్నుకర్ర పక్కనే లాగి కట్టి చూస్తే తెలిసిపోతుంది. జారి ఉంటే కంగారు పడకండి. తాటి దుంగలు నాలుగైదు చోట్ల దూర్చి, కిందినుంచి చీలలు కొడుతూ వారానికి కాస్త చొప్పున లేపాలి. ఒక్క రోజులో జాకీ పెట్టి లేపితే విరిగిపోతుంది. మీరు లారీ మనిషి, జాకీ మీకు చేతి వాటం. అందుకే గట్టిగా చెబుతున్నాను.

దీన్నిబట్టి తాళ్లరేవు సంగతి తేలిపోయింది. వద్దు. పది టైర్ల బండి మీద 28 అడుగుల ఎండిన నావను ఎక్కించి, కోనసీమ రోడ్ల మీద ప్రతి కల్వర్టు దగ్గరా ఎగరేసుకుంటూ తీసుకెళితే, ఇక్కడ బాగున్న వెన్నుకర్ర అక్కడికి వెళ్లేసరికి బాగుండదు. మనిషిని నావ దగ్గరికి తెచ్చుకోండి. అటువైపు ఇంకా చెక్క పని తెలిసిన పెద్దవాళ్లు ఉన్నారు. ఒకాయనను, ఒక సాయాన్ని రప్పించి మీ ఇంట్లోనే భోజనం పెట్టి, రోజు కూలి మీద చేయించుకోండి. మొత్తం ఇంతని కాంట్రాక్టు మాట్లాడొద్దు. పాత నావలో పలక విప్పితే గానీ దాని వెనక ఏముందో తెలియదు. ముందే రేటు కుదుర్చుకున్నవాడు లోపల పుచ్చు కనిపిస్తే పైన రంగు పూస్తాడు, వాడి తప్పు కాదు.

అయితే నావ కోసం మీ లారీ చేయాల్సిన ట్రిప్పు ఒకటుంది. కలప. సుద్ద గీతల లెక్క వేసుకుని, వచ్చిన దానికి పావు వంతు కలిపి, రాజమండ్రి గానీ కాకినాడ గానీ వెళ్లి కోత మిల్లులో పలకలు కోయించి తెచ్చుకోండి. పాత పలక ముక్క ఒకటి వెంట తీసుకెళ్లండి, అదే జాతి కలప అడగడానికి. టేకు పలకల పక్కన వేరే జాతి వేస్తే రెండూ ఒకేలా ఉబ్బవు. వంపు కర్రలకు మాత్రం తిన్నని కలప కోసి వంచకుండా, పుట్టుకతోనే వంకర తిరిగిన తుమ్మ కొమ్మలు ఏరుకోవాలి. అవి మిల్లులో దొరకవు, చేల గట్ల మీద దొరుకుతాయి. టేకు తెస్తే బిల్లు, అటవీ శాఖ రవాణా పర్మిట్ బండిలోనే ఉంచుకోండి. చెక్‌పోస్టు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

కలప ముందే ఎందుకంటే, అంగుళంన్నర పలక నీడలో, గాలి ఆడేలా మధ్యన పుల్లలు పెట్టి పేర్చితే కనీసం ఆరు నెలలైనా ఆరాలి. ఆ ఆరు నెలల్లో మీరు లారీ అమ్మి, చిన్న బండి కొని, దాని లాభనష్టాలు చూసుకోవచ్చు. తొందరపడి మొదటి నెలలోనే రెండు పనులూ నెత్తిన వేసుకోకుండా ఆ కలపే మిమ్మల్ని ఆపుతుంది. నావ మీద తాటాకు పందిరి వేయించండి. టార్పాలిన్ కప్పొద్దు, లోపల ఆవిరి పట్టి ఇంకా పుచ్చుతుంది.

ఇప్పుడు లారీ. అమ్మేటప్పుడు మీరు చేసే పొరపాటు ఏంటో నాకు ముందే తెలుసు, నేనూ అదే చేశాను కాబట్టి. చాలా ఏళ్ల కిందట నా పాత వ్యాన్‌ను ఒక బ్రోకర్‌కు ఇచ్చేశాను. పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, ఫారం 30 ఖాళీగా సంతకాలు పెట్టి చేతిలో పెట్టాను, ఆయన డబ్బు చేతిలో పెట్టాడు, టీ తాగాం. రెండేళ్ల తర్వాత కోర్టు నుంచి కాగితం వచ్చింది. ఎవరో ఎక్కడో యాక్సిడెంట్ చేశారు, ఆర్‌సీలో పేరు ఇంకా నాదే. ఆ వ్యాన్ అప్పటికి మూడు చేతులు మారింది. ఎక్కే మెట్టు, దిగే మెట్టు అయి, ఒకటిన్నర సంవత్సరం నా నిద్ర పోయింది. కాగితంలో పేరున్నవాడే యజమాని, నష్టపరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. అందుకని కొనేవాడితో కలిసి మీరే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. అమ్మిన 14 రోజుల్లో మీరు తెలియజేయాలి, 30 రోజుల్లో కొన్నవాడు తన పేరుకు మార్చుకోవాలి. అది అయ్యేదాకా కొంత డబ్బు అతని దగ్గరే ఉండనిచ్చినా సరే గానీ, కాగితం మాత్రం పూర్తి కావాలి. ఫైనాన్స్ కంపెనీ నుంచి అప్పు తీరిందన్న ఎన్‌వోసీ, ఆర్‌సీలో ఆ అప్పు కొట్టేయించే ఫారం 35 ముందే తెచ్చి పెట్టుకోండి. బండి ఇచ్చిన రోజే ఫాస్టాగ్ క్లోజ్ చేయించండి. లేకపోతే అతను టోల్‌గేట్ దాటినప్పుడల్లా మీ ఫోన్ కుయ్యిమంటుంది.

చిన్న బండి విషయంలో మీరు ‘టాటా ఏస్ లాంటిది’ అని రాశారు. 2005లో ఆ బండి వచ్చినప్పుడు అందరూ చిన్న ఏనుగు అన్నారు. ఏనుగే, కాదనను. కానీ దాని మోత ముప్పావు టన్ను. ఒలిచిన కాయ సగటున ఆరు వందల గ్రాములు అనుకుంటే వెయ్యి కాయలు ఆరు వందల కిలోలు. అంటే ఏస్‌లో పన్నెండు వందల యాభై కాయలు వేస్తే నిండింది. మీరు అక్కడ ఆగరు. పది టైర్ల బండి తోలిన చెయ్యి పన్నెండు వందల దగ్గర ఆగదు, రెండు వేలు వేస్తారు, ఏడాదిలో కమాన్లు, అంటే కింది స్ప్రింగ్ పట్టీలు కూర్చుంటాయి. కాబట్టి అశోక్ లేలాండ్ దోస్త్ తరగతి బండి, అంటే టన్నుంపావు మోసేది చూడండి. రెండు వేల కాయలు దర్జాగా వేసుకోవచ్చు. అంతకంటే పెద్దదానికి మాత్రం పోవద్దు. పండగల ముందు వచ్చే పెద్ద లోడు గుర్తొచ్చి చెయ్యి లాగుతుంది. అలాంటి రోజులు ఏడాదికి నాలుగో అయిదో, ఆ రోజు కిరాయికి ఇంకో బండి పిలుచుకుంటే సరి.

మోత బరువు, బండి బరువు కలిపి మూడు టన్నులు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. లారీ పర్మిట్ల కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన మీకు ఇది పండగలా ఉండాలి. ఇంకో సంగతి. మొత్తం బరువు ఏడున్నర టన్నుల లోపు ఉన్న రవాణా బండిని మామూలు కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ ఉన్నవాళ్లు నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ తేల్చింది. డ్రైవర్ దొరకలేదన్న టెన్షన్ ఉండదు. మీ నడుం పట్టేసిన రోజు ఊళ్లో కారు లైసెన్సున్న కుర్రాడెవడైనా మార్కెట్ దాకా తోలుకెళ్తాడు. ఫిట్‌నెస్ మాత్రం మర్చిపోవద్దు, కొత్త బండికి మొదట రెండేళ్లకు, ఎనిమిదేళ్లు దాటాక ఏటేటా.

అయినా కొనే ముందు ఒక పని చేయండి. రెండు దింపులకు, అంటే చెట్ల మీది కాయ దించే రెండు విడతలకు, కిరాయి బండ్లు పెట్టి చూడండి, ఒక దింపుకు ఏస్, ఇంకో దింపుకు దోస్త్. చుట్టుపక్కల వాళ్ల కాయ తోలుతానని రాశారు గదా, ఎవరెవరు ఇస్తామంటున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, వాళ్ల పేరు పక్కన వాళ్లు నిజంగా ఇచ్చిన కాయ ఎంతో రాయండి. ఇస్తామన్నవాళ్లలో సగం మంది ఇస్తే అదృష్టం. మొహమాటానికి అన్నవాళ్లు, నిజంగా ఇచ్చేవాళ్లు ఎవరో ఆ నోట్‌బుక్ చెప్పేస్తుంది.

నావ ఆదాయం మీద కూడా ఒక నిజం మాట్లాడుకుందాం. లంకలో ఎకరంన్నర అంటే ఒక వంద చెట్లు అనుకుందాం. రెండు నెలలకోసారి దింపులో పన్నెండు, పదిహేను వందల కాయ. మీ నాన్నగారి నావ అంతకు రెట్టింపు మోస్తుంది. అంటే రెండు నెలలకు ఒక్క ట్రిప్పు. ఇప్పుడు ఆ కాయ తేవడానికి ఫైబర్ బోటుకు మీరిచ్చే కిరాయి మిగిలితే ఏడాదికి ఆరు కిరాయిలు మిగులుతాయి. ఆ లెక్కన నావ మీద పెట్టిన డబ్బు మీ కాలంలో తిరిగి రాదు. ఇది మీకు మీరు ఒప్పుకుని, మీ ఆవిడకు కూడా ఆ మాటే చెప్పి మొదలుపెట్టండి. ‘లాభం వస్తుంది’ అని మొదలుపెడితే మొదటి ఏడాది చివర్లో గొడవ తప్పదు. ‘నాన్న నావ, నాకు కావాలి’ అంటే ఆవిడ విసుక్కుంటుందేమో గానీ కాదనదు. లంకలో పక్క తోటల వాళ్ల కాయ కూడా దొరికితే అది పైన వచ్చిందనుకోండి. అప్పుడు కూడా నావకు రెండు వేలకు మించి వేయకండి. ఒక నావ లోడు, రేవులో దిగగానే ఒక బండి లోడు. గట్టు మీద కాయ మిగిలిపోయి రాత్రంతా కాపలా కాసే పని ఉండదు.

మీ లారీకీ ఆ నావకూ పాత పగ ఒకటి ఉందని మీకెప్పుడైనా తట్టిందా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లో సరుకంతా పడవల మీదే నడిచింది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. పాయల మీద వంతెనలు వచ్చి లారీలు దూరాక రేవులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మీ నాన్నగారి నావ లంకకే పరిమితమైపోయింది మీలాంటి వాళ్ల లారీల వల్లే. ఇప్పుడు ఆ లారీ డబ్బే నావకు పలకలు వేస్తుందంటే నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి.

మీ అబ్బాయి ఫైబర్ సలహాకు వస్తాను. పిల్లవాడు ప్రేమతోనే అన్నాడు, కానీ పాత పలకల నావకు అంతకంటే చెడ్డ మందు లేదు. చెక్క పలక తడిస్తే పొడవు పెరగదు, వెడల్పు పెరుగుతుంది. నావ నీళ్లు పట్టకుండా ఉండటంలో రహస్యమంతా అదే. పక్కపక్క పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఫైబర్ ఉబ్బదు. పైన ఫైబర్ వేశాక లోపలి వైపు నుంచి వాన నీరో, పడవలో చేరిన నీరో చెక్కలోకి ఎలాగూ దిగుతుంది. చెక్క ఉబ్బి ఫైబర్‌ను లేపేస్తుంది, ఆ రెంటి మధ్య నీరు చేరి బయటికి పోయే దారి లేక, పైకి మెరుస్తూ లోపల పిండైపోతుంది. బయటికి కనపడదు కాబట్టి నది మధ్యలోనే తెలుస్తుంది. మొదటినుంచీ ఫైబర్‌తో చేసిన బోటు వేరు, దానిది వేరే లెక్క.

అదే కారణంతో, ఇప్పుడు వేలు దూరుతున్న సందులు చూసి ఎంసీల్ లాంటి గట్టిపడే మందులు కూరొద్దు. ఎండలో సందు నిండా గట్టి మందు కూరి నీళ్లలోకి దింపితే ఉబ్బడానికి పలకకు చోటుండదు. మేకులు ఊడొస్తాయి, లేదా వంపు కర్ర విరుగుతుంది. దూది నూలు వత్తిలా పేని, మొండి ఉలితో సందులోకి మెత్తగా దిగ్గొట్టి, పైన గుగ్గిలం నూనెలో కాచి చేసిన ముద్ద పెట్టడమే పాత పద్ధతి. ఇది తడిసినప్పుడు నలిగి చోటిస్తుంది. గుగ్గిలం ఇంటి పొయ్యి మీద కాచొద్దు, అంటుకుంటే ఆగదు. గట్టు మీదే పొయ్యి పెట్టించండి, పక్కన ఇసుక బకెట్ ఉంచండి. పాత రంగు గీకేటప్పుడు ముక్కుకు బట్ట కట్టుకోమనండి, పాతకాలపు రంగుల్లో సీసం ఉంటుంది.

పలకలు మార్చేటప్పుడు ఒకటి విప్పి ఒకటి వేయాలి. పోయినవన్నీ ఒకేసారి విప్పి కుప్ప వేస్తే నావ ఒళ్లు వదిలేసి వెడల్పయిపోతుంది, మళ్లీ ఆ ఆకారం రాదు. మేకు చుట్టూ చెక్క నల్లగా మారిన చోట మేకు తుప్పు పట్టిందని గుర్తు, ఆ మేకు తీసేసి కొంచెం పక్కన కొత్తది వేయించండి. పాతవి ఇనుప మేకులైతే కొత్తవీ ఇనుపవే, జింక్ పూత దట్టంగా పట్టించినవి తీసుకోండి. మంచివని చెప్పి కొన్ని చోట్ల రాగివి వేస్తే తడిలో పక్కనున్న ఇనుము తొందరగా తుప్పు పట్టిపోతుంది. లోపలి వైపు రంగు వద్దు, చేప నూనె గానీ జీడి నూనె గానీ పట్టించండి. జీడి నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, చేతులకు తొడుగులు ఉండాలి. చేప నూనెకు బొబ్బలు రావు, కానీ పదిహేను రోజులు మీ ఆవిడ మిమ్మల్ని వరండాలోనే భోజనం చేయమంటుంది.

మీ ఊరి దగ్గరి గోదావరి పాయ వైనతేయంలో మీ వైపు నీరు చాలావరకు మంచినీరే కాబట్టి పురుగు భయం తక్కువ. సముద్రం దగ్గర, ఓడలరేవు వైపు, ఉప్పునీటిలో నెలల తరబడి కట్టేసి ఉంచితే మాత్రం చెక్కను లోపల్లోపల తొలిచే పురుగు చేరుతుంది. పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల జాతి. మంచినీటిలో అది బతకదు. అటు తీసుకెళ్లినా పని అవగానే వెనక్కి తెచ్చుకోండి.

బావమరిది గారి టూరిస్టుల ఆలోచన దగ్గర నేను నవ్వలేను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగి ఏం జరిగిందో మన జిల్లాల్లో మర్చిపోయినవాళ్లు లేరు. ఇంజిన్ పెట్టిన పడవకు 2021 నాటి లోతట్టు జలరవాణా నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కిస్తే లైఫ్ జాకెట్లు, శిక్షణ ఉన్న సరంగు (పడవ నడిపేవాడు), ఇన్సూరెన్స్, ఇంకా చాలా కావాలి. కొబ్బరికాయ కోసం కట్టిన నావకు, దాని పాత చెక్కకు, ఇంజిన్ అదురు కూడా పనికిరాదు. గెడ, తెడ్డు చాలు. ఫొటోలకు వస్తామనే కొత్త పెళ్లి జంటలను గట్టున కట్టేసిన నావలో కూర్చోబెట్టండి, ఎవరూ కాదనరు. లంకకు కూలీలను తీసుకెళ్లేటప్పుడు కూడా జాకెట్లు ఉండాలి. దింపు కూలీలకు ఈత వచ్చునని అనుకుంటాం, వరద నీటిలో ఈత వేరు.

టైమ్ ఇలా చూసుకోండి. ఇప్పుడు సుద్దముక్కతో చూడటం, తర్వాత కలప. లారీ, చిన్న బండి పనులు దసరాకు ముందో వెనకో తేలిపోనివ్వండి. వడ్రంగిని సంక్రాంతి వెళ్లాక పిలవండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వానలుండవు, పని సాగుతుంది. మే నెలలో నూనె పట్టించి, జూన్‌లో ఏటికి కొత్త నీరు రాకముందే దింపేయాలి. జూలై, ఆగస్టు నెలల్లో వరదకు మొదటిసారి దింపే ఆలోచన వద్దే వద్దు. ఏ కారణం చేతనైనా జూన్ తప్పితే దీపావళి దాకా గట్టున ఉంచండి.

దింపిన రోజు ఏం జరుగుతుందో చెబుతాను, గుండె దిటవు చేసుకోండి. నావ మునుగుతుంది. నడుముల్లోతు నీరు ఉన్నచోట, ఇసుక అడుగు మీద, ముందూ వెనకా రాటలకు కట్టి నిలపండి. వడ్రంగి ఎంత బాగా చేసినా తొమ్మిదేళ్లు ఎండిన పలకలు మొదటి గంటలోనే అన్ని సందుల నుంచీ నీళ్లు తాగుతాయి. చూసినవాళ్లంతా డబ్బు నీళ్లపాలయిందంటారు. తోడొద్దు, అలా నీళ్లలోనే ఊరనివ్వండి. రెండో రోజు సాయంత్రం తోడి చూస్తే నిండటానికి పూట పడుతుంది. మూడో రోజు రాత్రి ఒక బకెట్, టార్చిలైటు పట్టుకుని గట్టు మీదే పడుకోండి. నీరు ఊరే చోటు ఒకటో రెండో మిగిలి ఉంటే అప్పుడు కనిపిస్తాయి, వాటికి ఇంకో నూలు వత్తి. కొబ్బరికాయ కొట్టడానికి చుట్టాలను మాత్రం అయిదో రోజుకు పిలవండి.